రెక్కలు తొడిగిన మానవుడు

మెదకు పట్టణమున కోటగుట్టపై నిలిచినవారికి రెండు దృశ్యములు మనోహరముగా కనబడును. క్రిందుగా చర్చి గోపురము ఇండ్లను, చెట్లను మించి నిట్టనిలువుగా లేచియుండును. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన ఆ మందిరపు గోపురము ఎత్తు సుమారు 175 అడుగులు, అనగా 53 మీటర్లు. పైన నీలాకాశమున గద్ద యొకటి రెక్కలు కదలింపకయే వలయములు చుట్టుచుండును. ప్రథమద్వారము, సింహద్వారము, గజద్వారము దాటి రొప్పుచు పైకి వచ్చిన బాలుడు ఆ గద్దను చూచి, "నాకును రెక్కలున్నచో ఈ బురుజు మీదినుండి ఆ గోపురము వరకు జారిపోవుదును గదా!" అని తలచుట సహజము.

ఈ కోరిక క్రొత్తది కాదు. రామాయణమున సంపాతి, జటాయువు అను పక్షిసోదరులు పందెము వేసికొని సూర్యుని వద్దకు ఎగిరిరి. ఎండవేడిమికి తమ్ముడు సొమ్మసిల్లగా అన్న తన రెక్కలను చాచి వానిని కాపాడెను. తమ్ముడు బ్రతికెను గాని అన్న రెక్కలు కాలిపోయెను. అతడు వింధ్యపర్వతముపై కూలి, నడచుటకును శక్తిలేక చిరకాలము పడియుండెను. పుట్టుకతో రెక్కలు గల పక్షులకే హద్దు మరచినప్పుడు అంతటి ఆపద వచ్చెను. రెక్కలను కుట్టించుకొని తొడుగుకొను మానవుని మాట వేరుగ చెప్పనేల?

నేడు మానవుడు నిజముగనే అట్టి రెక్కలను కుట్టుకొనియున్నాడు. వానిని ఆంగ్లమున వింగ్‌సూట్ అందురు. తెలుగున రెక్కల దుస్తు అనవచ్చును. చేతులకును నడుమునకును మధ్య చెరియొక వైపున ఒక రెక్క, రెండు కాళ్ల నడుమ మరియొక రెక్క, ఈ విధముగా మూడు రెక్కలు దానికుండును. మన కవ్వాల అడవులలో ఎగిరే ఉడుత యను జంతువు కలదు. అది ముందుకాళ్లకును వెనుకకాళ్లకును నడుమ నున్న చర్మమును చాచి చెట్టునుండి చెట్టునకు జారును. అది పక్షివలె పైకి ఎగురలేదు; ఎత్తునుండి పల్లమునకు ఏటవాలుగా మాత్రమే పోగలదు. రెక్కల దుస్తు ధరించిన మానవుని గమనమును అట్టిదే. అతడు పడుచున్నాడు, ఐనను ముందునకు సాగుచు పడుచున్నాడు. చివరకు పారాచూటు విప్పుకొనియే నేలపై దిగవలెను.

ఈ దుస్తు ఒక్కనాటిలో పుట్టినది కాదు. దీని వెనుక పలువురి ప్రాణములు గలవు.

1912వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన పారిస్ నగరమున ఫ్రాంజ్ రైఖెల్ట్ అను దర్జీ ఈఫిల్ గోపురము మొదటి అంతస్తు నెక్కెను. ఆ అంతస్తు నేలకు 57 మీటర్ల ఎత్తున నున్నది. అనగా మెదకు చర్చి గోపురముకంటె కొంచెమే ఎక్కువ. విమానమునుండి పడినవారిని కాపాడుటకై పారాచూటుగా మారు దుస్తు నొకదానిని అతడు స్వయముగా కుట్టియుండెను. బొమ్మకు తొడిగి పడవేయుదునని చెప్పి అధికారుల అనుమతి పొందెను. కాని ఆ ఉదయమున ఆ దుస్తును తానే ధరించి వచ్చెను. స్నేహితులు వారించిరి, అతడు వినలేదు. అంచున నిలిచి కొంతసేపు సందేహించెను. పిదప దుముకెను. వస్త్రము విచ్చుకొనక దేహమునకు చుట్టుకొనెను. చూచుచున్నవారి కన్నులయెదుటనే అతడు మరణించెను. అతనికి కుట్టుపనిలో నేర్పు కలదు, ధైర్యమునకు కొదువలేదు. లోపించినది ఓర్పుతో చేయవలసిన పరీక్ష.

పిమ్మట అమెరికా దేశస్థుడైన క్లెమ్ సాన్ అను యువకుడు 1935లో ఉక్కుగొట్టములకు బట్ట బిగించి రెక్కలు చేసికొని, విమానమునుండి దుమికి, కొంతదూరము జారి, పారాచూటుతో క్షేమముగా దిగెను. జనులు అతనిని గబ్బిలపు మనిషి యని కొనియాడిరి. ఆ రెక్కలతో అతడు పలుమారులు దుమికెను. 1937వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన ఫ్రాన్సు దేశమున విన్సెన్ అనుచోట గొప్ప జనసమూహము చూచుచుండగా పారాచూటు తెరచుకొనలేదు. అదనపు పారాచూటును తెరచుకొనలేదు. అతని రెక్కలు పనిచేసెను గాని రెక్కల తరువాత పనిచేయవలసినది పనిచేయలేదు.

ఫ్రెంచి సైనికుడు లియో వాలెంటిన్ ఇంకను దీక్షాపరుడు. అతడు బట్ట రెక్కలను విడిచి కొయ్య రెక్కలను చేయించెను. 1956వ సంవత్సరము మే 21వ తేదీన ఇంగ్లండులోని లివర్‌పూల్ వద్ద విమానమునుండి వెలువడునప్పుడు గాలితాకిడికి ఒక రెక్క విమానమునకు తగిలి విరిగెను. అతడు సుడితిరుగుచు పడిపోవగా పారాచూటు దేహమునకు చుట్టుకొని ప్రాణము తీసెను.

ఈ మువ్వురును మూఢులు కారు. గట్టి రెక్కలలోనే ఒక చిక్కు కలదు. ఉక్కు గాని కొయ్య గాని చేతులను బంధించును. ఆపద వచ్చినప్పుడు చేతికి స్వేచ్ఛ యుండదు. మెత్తని బట్ట చేతికి స్వేచ్ఛ నిచ్చును గాని రెక్కవలె బిగిసి నిలువదు. మెత్తగ నుండవలెను, బిగిసియు నుండవలెను. ఈ రెండు గుణములను ఒక్కచోట చేర్చుట ఎట్లు?

ఇందులకు 1990వ దశకమున ఫ్రాన్సు దేశస్థుడైన పాట్రిక్ ద గయార్డన్ మంచి ఉపాయము చూపెను. అతడు రెక్కను రెండు పొరల బట్టతో కుట్టెను. రెక్క ముందుభాగమున చిన్న నోళ్లు విడిచెను. వేగముగా పోవునప్పుడు గాలి ఆ నోళ్లగుండ లోనికి చొచ్చి, పొరల నడుమ నిండి, రెక్కను దిండువలె బిగించును. ఏ గాలిపై తేలవలెనో ఆ గాలియే రెక్కకు ఎముక యయ్యెను! కొయ్య లేదు, ఉక్కు లేదు. చేతులు కావలసినప్పుడు ముడుచుకొనును. నేటి రెక్కల దుస్తులన్నిటికిని ఈ యుపాయమే మూలము. ఐనను విధి విచిత్రమైనది. 1998వ సంవత్సరము ఏప్రిల్ 13వ తేదీన హవాయి దీవులలో ద గయార్డన్ మరణించెను. తన పారాచూటు సంచికి అతడే చేసికొన్న మార్పులో జరిగిన పొరపాటు అందులకు కారణము. ఆనాడు అతనిని చంపినది రెక్కలోని దోషము కాదు. మరల సరిచూడని కుట్టు.

1999లో ఫిన్లండు దేశస్థుడైన యారి కువోస్మా, క్రొయేషియా దేశస్థుడైన రాబర్ట్ పెచ్నిక్ కలసి బర్డ్‌మాన్ అను సంస్థ ద్వారా ఈ దుస్తులను ఇతరులకును అమ్మజొచ్చిరి. దుస్తుతోపాటు శిక్షణ నిచ్చు ఏర్పాటును కూడ చేసిరి. అప్పటినుండి ఇది ఒక్కని సాహసముగా నుండక గురువునొద్ద క్రమముగా నేర్చుకొను విద్య యయ్యెను.

ఈ రెక్కల వలన కలుగు భేదమెంత? మెదకు గోపురమునే కొలబద్దగా తీసికొందము. విమానమునుండి దుమికి పొట్టను నేలవైపుంచి పడువాడు కొద్ది సెకనులలోనే గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగమును పొందును. అనగా సెకనుకు 53 మీటర్లు. ఒక్కొక్క సెకనుకు ఒక్కొక్క మెదకు గోపురమంత ఎత్తును కోల్పోవుచుండును! నేర్పుతో రెక్కల దుస్తును నడపువాడు గంటకు 60 మొదలు 80 కిలోమీటర్ల వేగముతో మాత్రమే క్రిందికి దిగును. సెకనుకు గోపురములో మూడవ వంతు మాత్రమే యన్నమాట. అదే సమయమున అతడు రైలుబండిని మించిన వేగముతో ముందునకు సాగుచుండును. ఒక మీటరు దిగునంతలో రెండున్నర మొదలు మూడు మీటర్లు ముందునకు పోవును. 4,000 మీటర్ల ఎత్తున విమానమును విడిచిన సామాన్యుడు పారాచూటు విప్పుటకు ముందు ఒక నిమిషము మాత్రము గాలిలో నుండగా, రెక్కలవాడు రెండు మూడు నిమిషములు ఉండగలడు.

ఇంతటి లాభము గల వస్తువును ఎల్లరును వెంటనే ధరింపవచ్చునా? ధరింపరాదు. దుస్తును ఎన్నుకొనుటలోనే సగము విద్య కలదు.

మొదటి ప్రశ్న దుస్తును గూర్చినది కాదు, మనిషిని గూర్చినది. అమెరికా దేశపు పారాచూటు సంఘము వారి నియమము ప్రకారము 200 సార్లు విమానమునుండి మామూలుగా దుమికినవాడే రెక్కల దుస్తు ధరించుటకు అర్హుడు. ఇన్ని సార్లేల యని తోచవచ్చును. భోజనమునకు కూర్చున్నవాని చేయి కన్నులు మూసినను నోటికి దారి తప్పదు గదా! అట్లే దుముకరి చేయి ఎంతటి కలవరములోనైనను వీపు క్రింద నున్న పారాచూటు పిడిని వెదకకయే పట్టవలెను. అట్టి అలవాటు పుస్తకమువలన రాదు. ఆవృత్తి వలననే వచ్చును.

రెండవ ప్రశ్న రెక్క ఎంత పెద్దది యనునది. దుస్తులు పలు పరిమాణములలో లభించును. క్రొత్తవారి దుస్తునకు రెక్కలు చిన్నవి. ఆరితేరినవారి దుస్తునకు మోచేతి క్రిందనుండి పాదముల వరకు బట్ట విస్తారముగా నుండును. పెద్ద రెక్క ఎక్కువ దూరము పోవును గనుక అదియే మేలని అనుభవము లేనివాడు తలచును. సంక్రాంతినాడు గాలిపటము ఎగురవేయు బాలునకు ఇందలి పొరపాటు తెలియును. గాలిపటము పెద్దదైనకొలది దారమును లాగు బలము పెరుగును. చిన్న బాలుడు దానిని పట్టలేక చేతులు కోసికొనును. రెక్కయు నట్టిదే. పెద్ద రెక్క చిన్న కదలికకే పెద్ద ఫలమిచ్చును. ఒక భుజము తెలియక క్రుంగినచో దేహము సుడితిరుగును, వెల్లకిల పడును. అప్పుడు చేతులను ముడుచుటకు అంత బట్టతోను, అంత గాలితోను పెనగులాడవలెను. ఆ పెనగులాటలో సెకనులు గడచిపోవును. కావున అనుభవము గల శిక్షకులు శిష్యునకు చిన్న రెక్కనే ఇత్తురు. అది దూరము పోదు. కాని తప్పును క్షమించును. శిష్యుడు దానిని పూర్తిగ వశపరచుకొనిన పిమ్మటనే మధ్యతరగతి దుస్తునకు, ఆ తరువాత పెద్దదానికి పోవలెను.

మూడవది కొలత. అన్నగారి చొక్కాను తమ్ముడు తొడుగుకొనినను బడికి పోవచ్చును; ఆకాశమునకు పోరాదు. దుస్తు వదులైనచో బట్ట కొట్టుకొని దిశ తప్పించును. బిగుతైనచో నడుము వంచుటకు, చేయి వెనుకకు చాచుటకు వీలుండదు. అందువలన ఎత్తు, ఛాతీ, చేతులు, కాళ్లు మున్నగు కొలతలనన్నిటిని ఇచ్చి దుస్తును కుట్టింతురు. ఒకరు వాడినదానిని కొనువారు వెల చూచుటకు ముందు కొలత చూడవలెను.

నాలుగవది దుస్తునకు తగిన పారాచూటు. రెక్కలు చాచినవాని వీపు వెనుక గాలి సుడులు తిరుగుచుండును. పారాచూటును బయటికి లాగు చిన్న గొడుగు ఆ సుడులలో చిక్కినచో పెద్దది తెరచుకొనదు. కావున దాని త్రాడు మామూలుకంటె పొడవుగా నుండవలెను. పెద్ద పారాచూటును దూకుడు లేనిదై, తిన్నగ తెరచుకొనునదై యుండవలెను. విమానమునుండి దుముకువారు అదనపు పారాచూటును కూడ ధరింతురు. దుముకరి స్పృహ తప్పి పడుచున్నచో నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తున, అనగా నాలుగు గోపురముల ఎత్తున, ఆ పారాచూటును తానే విప్పు చిన్న యంత్రమొకటి కలదు. అది పతనవేగమును బట్టి ఆపదను గుర్తించును. రెక్కలవాడు మెల్లగ దిగును గనుక అతడు నిజముగ ఆపదలో నున్నను మామూలు అమరిక గల యంత్రము అది ఆపదయని గుర్తింపకపోవచ్చును! రెక్కల దుస్తునకై వేరు అమరిక గల యంత్రములు ఇప్పుడు గలవు. ఐనను యంత్రము తన్ను రక్షించునని నమ్మి చేయి ఉపేక్షింపరాదు.

ఇక నడుపుట. విమానము ఎక్కకముందే కట్లు, జిప్పులు, పిడులు అన్నియు ఒక క్రమమున తడవి చూచుకొనవలెను, తోటివానిచేతను చూపించుకొనవలెను. విమానద్వారమున వెలువడునప్పుడు రెక్కలు మూసియుంచవలెను. వెంటనే చాచినవానిని గాలి పైకెత్తి విమానపు తోకకు కొట్టగలదు. వాలెంటిన్ మరణమునుండి మానవులు నేర్చుకొన్న పాఠములలో ఇది ముఖ్యమైనది. విమానమును దాటిన పిమ్మట మూడు రెక్కలను సమముగా చాచవలెను. గాలి నిండినంతనే పతనము గమనముగా మారును. తిరుగుటకు చేతులు ఆడింపనక్కరలేదు; భుజమును కొద్దిగ వంచిన చాలును. క్రొత్తవాడు మొదటి దుముకులలో దూరము పోవుటకు యత్నింపడు. తిన్నగ పోవుటను, పిడిని తాకి చూచుకొని మరల రెక్క చాచుటను అభ్యసించును. మాటిమాటికి ఎత్తు కొలుచు గడియారమును చూచును. ఇతరులు దిగు త్రోవకు దూరముగా తన త్రోవను ముందే నిర్ణయించుకొనును. ఎంత సుఖముగా ఎగురుచున్నను నిర్ణయించిన ఎత్తు రాగానే రెక్కలను ఒక్కసారిగ సమముగా మూసి పారాచూటు విప్పును. "ఇంకొక్క క్షణము" అను మాటకు అక్కడ తావులేదు.

ఇంతవరకు విమానమునుండి దుముకుట చెప్పబడినది. కదలని చోటినుండి దుముకుట మరియొక విధము. దానిని బేస్ దుముకు అందురు. బిల్డింగ్, ఆంటెన్నా, స్పాన్, ఎర్త్ అను నాలుగు ఆంగ్లపదముల తొలి అక్షరములు కలసి ఆ పేరు వచ్చెను. అనగా భవనము, ఆంటెన్నా స్తంభము, వంతెన, కొండ. అమెరికాలో కార్ల్ బేనిష్ అను చలనచిత్రగ్రాహకుడు 1978లో ఎల్ కాపిటాన్ అను మహాశిలపై మిత్రులు దుముకగా చిత్రించి ఈ పద్ధతికి ప్రచారము కలిగించెను. 1984లో నార్వే దేశమున ఒక కొండనుండి దుమికి అతడును మరణించెను.

విమానమునకును కొండకును గల భేదమును విద్యార్థులు చక్కగా గ్రహింపవలెను. విమానమునుండి వెలువడువానికి విమానపు వేగము అప్పటికే కలదు. రెక్కలలో గాలి వెంటనే నిండును. కొండ అంచున నిలిచినవానికి వేగము సున్న. రెక్క చాచినను అందు గాలి లేదు. మొదట అతడు రాయివలె పడవలెను. పడగా వేగము పుట్టవలెను. వేగము వలన గాలి నిండవలెను. అప్పుడుగాని రెక్క రెక్క కాదు. ఇందులకే సాధారణముగా రెండు మూడు గోపురములంత ఎత్తు వ్యయమగును. అంతవరకు కొండగోడ అతని ప్రక్కనే యుండును. తప్పు జరిగినచో సరిదిద్దుకొను వ్యవధి లేదు గనుక అదనపు పారాచూటును ధరింపరు, ఉన్నది ఒక్కటే. అందుచేత విమానమునుండి దుముకుటలోను, రెక్కలను నడపుటలోను, రెక్కలు లేక బేస్ దుముకులోను వేరువేరుగా ఆరితేరినవాడు తప్ప ఈ మూడింటిని కలిపిన పనికి పూనుకొనరాదని ఆ విద్యలోని పెద్దలు చెప్పుదురు.

మన హిమాలయములు ఇట్టి సాహసములకు రంగస్థలమైనవి. 2006వ సంవత్సరము మే 23వ తేదీన ఆస్ట్రేలియా దంపతులైన గ్లెన్ సింగిల్‌మన్, హెదర్ స్వాన్ అనువారు గఢ్వాల్ ప్రాంతమున మేరు పర్వతముపై 6,604 మీటర్ల ఎత్తునుండి రెక్కల దుస్తులతో దుమికి క్షేమముగా దిగిరి. అంత ఎత్తున గాలి పలుచన. శ్వాసకు చాలని గాలి రెక్కకును చాలదు. అది నిండుటకు ఇంకను ఎక్కువ దూరము పడవలెను. చలికి వ్రేళ్లు కొంకరపోవును. ఆ కొన్ని నిమిషముల గమనమునకై వారు పలు సంవత్సరములు సిద్ధపడిరి. పర్వతమును కాలినడకతో ఎక్కిరి.

రష్యా దేశస్థుడైన వలెరీ రోజొవ్ 2012లో అదే ప్రాంతమున శివలింగ శిఖరమునుండి 6,420 మీటర్ల ఎత్తున దుమికెను. 2013లో ఎవరెస్టు చెంత 7,220 మీటర్ల ఎత్తునుండియు, 2016లో చో ఓయు పర్వతమున సుమారు 7,700 మీటర్ల ఎత్తునుండియు దుమికెను. ఈ విద్యలో అతనిని మించినవారు అరుదు. అట్టివాడే 2017వ సంవత్సరము నవంబరు 11వ తేదీన నేపాళములోని అమా దబ్లం పర్వతమున దుమికి మరణించెను. ఆరితేరిన వానికిని కొండ మినహాయింపు ఇయ్యదు. శిఖరమువరకు ఎక్కి, గాలి అనుకూలము కాదని గ్రహించి, రెక్కలు మడిచి సంచిలో పెట్టుకొని కాలినడకతో దిగివచ్చువాడు పిరికివాడు కాడు. అతడే ఈ విద్యలో పండితుడు.

క్రమశిక్షణకు మెదకు విద్యార్థులు దూరము పోయి చూడనక్కరలేదు. మెదకునుండి నర్సాపురము మీదుగా హైదరాబాదునకు పోవు రహదారిపై దుండిగల్లు అను గ్రామము కలదు. 1971నుండి అచట భారత వైమానిక దళపు శిక్షణాలయము నడచుచున్నది. శిక్షణ ముగించిన యువకులు, యువతులు కవాతు చేయు ఉత్సవములలో ఆకాశగంగ అను పారాచూటు బృందము పెక్కుమారులు తన నేర్పును ప్రదర్శించినది. 1987లో ఏర్పడిన ఆ బృందమువారు ఆకాశమున చుక్కలవలె కనబడి, రంగురంగుల గొడుగులు విప్పి, నిర్ణయించిన చోటనే పాదము మోపుదురు. చూచువారికి అది ఆటవలె తోచును. కాని వారు మొదట నేర్చునది దుముకుట కాదు. నేలపై పడునప్పుడు మోకాళ్లు చేర్చి దొర్లుట. తరువాత కట్లు సరిచూచుట. తరువాత సైగ వచ్చువరకు నిలుచుట. ఆకాశవిద్యకు ఓనమాలు నేలపైననే దిద్దవలెను.

ఇప్పుడు మరల కోటగుట్టపై నిలిచిన బాలుని కోరికను విచారింతము. అతనికి లోకములోని శ్రేష్ఠమైన రెక్కల దుస్తు నిచ్చినను ఆ బురుజునుండి గోపురమువరకు అతడు పోగలడా? పోలేడు. గుట్ట ఎత్తు సుమారు 300 అడుగులు. రెండు గోపురములకును చాలదు. రెక్కలో గాలి నిండక మునుపే గుట్ట ముగియును. గొడుగు పట్టుకొని మేడ మీదినుండి దుముకు బాలుని గతియు నిట్టిదే. ఆ బాలునకు లోపించినది ధైర్యము కాదు, రెక్కయు కాదు, లెక్క.

కోరిక మాత్రము చెడ్డది కాదు. కోరిక లేనిచో రైఖెల్ట్ కుట్టడు, సాన్ దుముకడు, ద గయార్డన్ ఆలోచింపడు. కాని కోరిక రెక్కను ఇచ్చునే గాని దానిని మోయు భుజమును ఈయదు. భుజమును అభ్యాసము ఇచ్చును. ఎంత రెక్క తనకు తగునో వివేకము చెప్పును. చిన్న రెక్కతో తిన్నగ ఎగురుట నేర్చినవాడు ఒకనాడు పెద్ద రెక్కకు అర్హుడగును. తగని రెక్కను తొందరపడి తొడిగినవానికి ఆ ఒకనాడు రాకపోవచ్చును.

గద్ద పిల్ల సహితము గూటి అంచున నిలిచి ఎన్నియో దినములు రెక్కలు విదలించి చూచుకొనును. కొమ్మనుండి కొమ్మకు గంతులిడును. ఆ తరువాతనే కోటపై వలయములు చుట్టును.

ప్రశ్నలు

1. రైఖెల్ట్, క్లెమ్ సాన్, వాలెంటిన్ అను మువ్వురి ప్రయత్నములు విఫలమగుటకు గల కారణములను వేరువేరుగా తెలుపుడు.
2. ద గయార్డన్ కనిపెట్టిన ఉపాయమేమి? అది పూర్వపు రెక్కలలోని చిక్కును ఎట్లు తీర్చెను?
3. క్రొత్తవానికి చిన్న రెక్కయే ఏల తగును? గాలిపటముతో పోల్చి వ్రాయుడు.
4. విమానమునుండి దుముకుటకును కొండనుండి దుముకుటకును గల భేదమును వివరింపుడు.
5. "కాలినడకతో దిగివచ్చువాడు పిరికివాడు కాడు" అను మాటను మీ మాటలలో సమర్థింపుడు.